కారు కొనేముందు లోపల కూర్చుని బయటికి చూడండి

పోయిన దసరాకి మా బావమరిది కారు కొంటానంటే షోరూముకి తోడు వెళ్లాను. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా, ఆ హడావుడిలో షోరూము పెళ్లివారిల్లులా ఉంది. చుట్టాల్లో నాకు కార్ల పిచ్చోడని పేరు. ఎవరు కారు కొన్నా నన్ను పిలుస్తారు, కానీ సలహా కోసం కాదు. ఏది కొనాలో వాళ్లు ముందే అనుకుని ఉంటారు. నా చేత "బాగుంది" అనిపించుకుంటే ఇంట్లో చెప్పుకోవడానికి ఒక సాక్షి దొరుకుతాడు.

సేల్స్ కుర్రాడు ఓపిగ్గా అన్నీ చూపించాడు. టీవీ అంత స్క్రీను, అడుగు నుంచి చల్లగాలి కొట్టే సీట్లు, రంగులు మారే లైట్లు. చివర్లో మీట నొక్కి పైకప్పు తెరిచి, "మొత్తం ఆకాశం కనపడుతుంది సార్" అన్నాడు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, సీటు నా ఎత్తుకి సర్దుకుని, ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూశాను. వెనక తలుపు అద్దం చివరికొచ్చేసరికి సన్నగా కోసుకుపోయింది. దాని తర్వాత నా రెండు అరచేతులు పక్కపక్కన ఆనించినంత వెడల్పున రేకు. వెనక అద్దం పోస్టు డబ్బా నోరంత. బయట కారుకి ఆనుకుని వాచ్‌మన్ సైకిలుంది. ఎక్కేముందు చూశాను కాబట్టి ఉందని తెలుసు, లేకపోతే తెలిసేదే కాదు.

"ఏం వెతుకుతున్నావ్ బావా?" అన్నాడు మావాడు.

"సైకిలు."

"కెమెరాలున్నాయిగా!"

కారు కొనేశాడు. బాగుందని నేనూ అన్నాను, ఎందుకంటే చాలా విషయాల్లో నిజంగానే బాగుంది. కానీ ఇంటికొచ్చాక ఆ సైకిలు నన్ను వదల్లేదు. పాతికేళ్లకు పైగా కార్లు నడుపుతున్నాను. ఒకప్పుడు నాక్కూడా పికప్, టాప్ స్పీడు, అల్లాయ్ చక్రాలు అన్నీ కావాలి. ఇప్పుడు ఒక్క పట్టింపే మిగిలింది: లోపల కూర్చుంటే బయట ఎంత కనపడుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే మన కార్లూ, మన రోడ్లూ, మనం బండి నడిపే తీరూ అన్నీ ఒకే వైపు జరుగుతున్నాయి. చూడాల్సిన అవసరం పెరుగుతోంది, చూపు తగ్గుతోంది.

ఈ పట్టింపు నాకు సొంతంగా పుట్టింది కాదు, మా బాబాయి అంటించింది. ఆయన ఆర్టీసీలో డ్రైవరు. 1998లో నాన్న సెకండ్‌హ్యాండ్ మారుతీ 800 కొన్నప్పుడు నాకు నేర్పే పని ఆయన మీద పడింది. తెనాలి అవతల కాలువ కట్ట మీద, సాయంత్రం నాలుగింటికి. క్లచ్చు, గేరు అన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగో రోజు ఆయన కొత్త నియమం పెట్టాడు. "కంటికి ఏది కనపడితే అది నోటితో చెప్తూ నడుపు. నోరాగిందంటే చూపాగినట్టు. వెంటనే రేసు మీంచి కాలు తియ్యి."

నవ్వొచ్చింది గానీ ఎదురు చెప్పే ధైర్యం లేదు. మొదలుపెట్టాను. ఎడమ పక్కన ముసలాయన, గొడుగు. ఎదురుగా ఎద్దులబండి. కల్వర్టు. సైకిలు మీద ఇద్దరు. బర్రె దాటుతోంది. బర్రె దాటేసింది. ఇక రేసిచ్చాను.

బాబాయి హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేశాడు. "దూడేది?"

దూడ నాకు కనపడలేదు. ఆయనకీ కనపడలేదు. కానీ ఈనిన బర్రె ఒంటరిగా దాటదని ఆయనకు తెలుసు. తుమ్మచెట్టు చాటు నుంచి అది గెంతుతూ వచ్చి సరిగ్గా మా బానెట్ ముందు నిలబడింది.

ఇలాంటివి ఆయన దగ్గర చాలా ఉండేవి. ఆగి ఉన్న బస్సు పక్క నుంచి పోయేటప్పుడు బస్సును చూడకు, బస్సు కింద కాళ్లు కనపడతాయేమో చూడు. పక్కన ఆగిన కారులో తల కనపడితే తలుపు తెరుచుకుంటుందనుకో. ఆటో వాడి చెయ్యి నమ్మకు, ముందు చక్రం ఎటు తిరిగిందో చూడు. మలుపులో రోడ్డు కనపడకపోతే కరెంటు స్తంభాల వరస చూడు, రోడ్డు ఎటు పోతోందో అవి చెప్తాయి. స్తంభాలు కొన్నిసార్లు అబద్ధం చెప్తాయని తర్వాత నాకే అనుభవమైంది, అది వేరే కథ.

పైకి చెప్తూ నడపడమనేది మా బాబాయి చాదస్తమనే చాలాకాలం అనుకున్నాను. రైల్లో లోకో పైలటూ అసిస్టెంటూ కూడా సిగ్నల్ కనపడగానే దాని రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారని తర్వాత తెలిసింది. లండన్‌లోని హెండన్‌లో 1935లో మొదలైన పోలీసు డ్రైవింగ్ స్కూలు పద్ధతుల్లోనూ ఇది ఉంది. కన్ను ఒక వస్తువు మీద పడటం వేరు, బుర్ర దాన్ని పట్టుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య జారిపోయేదాన్ని నోరు పట్టుకుంటుంది. మన లైసెన్స్ పరీక్షలో మాత్రం ఎనిమిది వేయిస్తారు, రివర్సు చూస్తారు. చేతులకీ కాళ్లకీ పరీక్ష. దారిలో నువ్వేం చూశావని అడిగే ఇన్‌స్పెక్టరు నాకింతవరకూ తగల్లేదు.

ఆ 800 గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 1983 డిసెంబరులో వచ్చిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, పొడవు 3335 మిల్లీమీటర్లు, వెడల్పు 1440. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో బీఎస్-4 అనే పొగ నిబంధన రావడంతో ఇక్కడ కొత్తవి అమ్మడం ఆగిపోయింది, 2014 జనవరిలో తయారీయే ఆగింది. అందులో కూర్చుంటే గాజు పెట్టెలో కూర్చున్నట్టుండేది. బానెట్ కిందికి వాలి ఉండేది కాబట్టి ముందు చక్రానికి నాలుగడుగుల దూరంలో కోడిపిల్ల ఉన్నా తెలిసేది. స్తంభాలు, అంటే పైకప్పును మోసే ఆ కమ్మీలు, చీపురు కట్ట కంటే లావుండేవి కావు. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి తీసుకోలేకపోయేదనుకోండి. కానీ చుట్టూ ఏం జరుగుతోందో తెలియకపోవడమంటూ ఉండేది కాదు.

మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టాస్ 2019లో వచ్చినప్పుడు దాని పొడవు 4315, వెడల్పు 1800 మిల్లీమీటర్లు. లెక్కేస్తే 800 కంటే అరవై శాతం ఎక్కువ నేల ఆక్రమిస్తుంది. అదేం వింత బండి కాదు, ఇప్పుడు మామూలు సంసారి కొనుక్కునే సైజు. మా కాలనీ సందు మాత్రం 1998లో ఎంతుందో ఇప్పుడూ అంతే. నిజానికి కాస్త తగ్గింది కూడా, ఒకాయన మెట్లు ముందుకి జరిపాడు.

సైజు పెరగడం వెనక పన్ను కథ కూడా ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని ఇంజను ఉంటే చిన్న కారు, పన్ను తక్కువ అన్నారు. ఆ గీత జీఎస్టీలోకీ వచ్చింది. ఇప్పుడు గీతకి ఇవతల 18 శాతం, అవతల 40. పొడవుకి కొలబద్ద పెడితే కంపెనీలు ఏం చేస్తాయి? డిక్కీ కత్తిరించి, ఎత్తు పెంచుతాయి. నాలుగు మీటర్ల లోపలే పెద్ద బండి అనిపించాలి కాబట్టి నడుము గీత, అంటే రేకు ఆగి కిటికీ అద్దం మొదలయ్యే గీత, పైకి లేస్తుంది, అద్దం ఎత్తు తగ్గుతుంది. అలా పొట్టిగా, ఎత్తుగా, చిన్న కిటికీలతో తిరిగే బండ్లు మన రోడ్లకు ప్రత్యేకం.

స్తంభాలు లావెక్కడానికి మాత్రం మంచి కారణమే ఉంది, దాన్ని కాదంటే నాది మొండివాదమవుతుంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన మార్కెట్‌లోని ఐదు చిన్న కార్లను గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, పెద్దల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి మనకూ సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ అనే ఇలాంటి పరీక్ష ఉంది. ఇవాళ్టి కారు పల్టీ కొట్టినా పైకప్పు నిలబడుతుందంటే, పక్క నుంచి గుద్దినా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటుందంటే, ఆ లావు స్తంభాల పుణ్యమే. నా ముద్దుల 800లో ఈ రోజు మా అమ్మాయిని హైవే ఎక్కించమంటే ఎక్కించను.

అయితే ఆ స్టార్లు ఎవరికి? లోపలున్నవాళ్లకి. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు, 19 మందికి పైగా నడిచి వెళ్లేవాళ్లు. వాళ్ల చుట్టూ ఏ స్తంభమూ లేదు. వాళ్ల ఎయిర్‌బ్యాగ్ అవతలి డ్రైవరు కన్నే.

ఆ కన్నుకి స్తంభం ఎలా అడ్డొస్తుందో నాకు మా కాలనీ మూల మీద తెలిసింది. కుడివైపు తిరుగుతున్నాను, మెల్లగానే. కుడివైపు చూశాను, ఖాళీ. మళ్లీ చూశాను, ఖాళీ. స్టీరింగ్ తిప్పాను. ఎక్కణ్నుంచి ఊడిపడిందో స్కూటీ బానెట్ ముందుంది. ఆ అమ్మాయి బ్రేకు వేసింది కాబట్టి సరిపోయింది. నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ స్కూటీ ఊడిపడలేదు, మొదట్నించీ అక్కడే ఉంది. నేను ముందుకి జరుగుతున్న లెక్కకీ ఆమె వస్తున్న వేగానికీ సరిపోయి, ఆమె నా కంటికి ఎప్పుడూ ఒకే కోణంలో, ఆ ముందు స్తంభం వెనకే ఉండిపోయింది. అటు తల తిప్పి రెండుసార్లు చూసినా రెండుసార్లూ స్తంభాన్నే చూశాను.

దీనికి మందు కారులో లేదు, మెడలో ఉంది. మూల మీద తిరిగేముందు ఒకసారి ముందుకీ పక్కకీ వంగి స్తంభం అవతలికి తొంగి చూడాలి. ఆర్టీసీ డ్రైవర్లను గమనించండి, డిపో గేటు దగ్గర కొంగలా మెడ ఆడిస్తుంటారు. బాబాయి అలాగే చేసేవాడు. చిన్నప్పుడు ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం.

అద్దాలకు నల్ల ఫిల్ము ఇంకో గొడవ. సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. ముందూ వెనకా అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు. మే నెలలో విజయవాడలో కారు ఎండలో పెట్టినవాడికి ఈ రూలు మీద కోపం రావడంలో తప్పులేదు, స్టీరింగ్ పట్టుకుంటే అట్లపెనం పట్టుకున్నట్టే ఉంటుంది. కానీ నల్ల అద్దం నష్టం దాని యజమానికంటే వెనకవాడికెక్కువ. ఒకప్పుడు ముందు కారు అద్దాల్లోంచి దాని ముందు కారును చూసేవాళ్లం. మూడో కారు బ్రేకు లైటు వెలిగితే మనమూ కాలు తీసేవాళ్లం. ఇప్పుడు ముందున్నది నల్లటి గోడ. అది ఆగినప్పుడే మనమూ ఆగాలి. బైకు మీదున్నవాడి కష్టం ఇంకోటి. కారు డ్రైవరు తనని చూశాడా లేదా అని వాడు మొహంలోకి చూసి పోల్చుకుంటాడు. మొహమే కనపడకపోతే హారను కొడతాడు. మన హారన్లలో సగం "నన్ను చూశావా?" అనే ప్రశ్నలే, కాదంటారా?

స్క్రీన్ల గురించి ఎక్కువ రాస్తే ముసలాడి సణుగుడులా ఉంటుంది. ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. గంటకి 80లో సెకనుకి 22 మీటర్లు పోతాం. ఏసీ తగ్గించడానికి స్క్రీనులో రెండు మెనూలు వెతకడానికి రెండు సెకన్లు పట్టిందంటే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టు. నా పాత వ్యాగనార్‌లో ఏసీ నాబ్ ఎక్కడుందో నా చేతికి తెలుసు. యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి ఇండికేటరు, హజార్డ్ లైట్లు, హారను, వైపరు లాంటివాటికి నిజం మీటలు, బటన్లు లేకపోతే పూర్తి మార్కులివ్వమన్నారు. అక్కడి వరకు సంతోషం. రివర్సు కెమెరా దగ్గర మాత్రం నేను లొంగిపోయాను. బంపరు వెనక కూర్చున్న పసిపిల్లాణ్ని ఏ కారు అద్దమూ చూపించలేదు, కెమెరా చూపిస్తుంది. సెల్లార్‌లో వాచ్‌మన్ "రానీ, రానీ, రానీ" అంటూ స్తంభానికి తగిలాక "ఆగండి సార్" అనే దానికంటే నయం.

ఇక రాత్రిపూట సంగతి. నా మాట విని ఎవరైనా ఒక్క అలవాటు మార్చుకుంటారంటే ఇదే మార్చుకోమంటాను.

హైదరాబాదులో ఉండే కోస్తా వాళ్లందరికీ ఒక సంక్రాంతి పద్ధతుంది. ఆఫీసు నుంచొచ్చి, అన్నం తిని, పదింటికి బయల్దేరితే తెల్లారేసరికి ఊళ్లో ఉండొచ్చు. పంతంగి టోల్ దగ్గర రద్దీ కూడా కాస్త తగ్గుతుంది, పిల్లలు నిద్రపోతారు, ఎండ ఉండదు. నేనూ పదేళ్లు అలాగే వెళ్లాను. కొన్నేళ్ల కింద ఒక జనవరి రాత్రి సూర్యాపేట దాటి, మునగాల కూడా దాటాను. కుడి లేన్‌లో 95లో ఉన్నాను. వెనక ఒక ప్రైవేటు బస్సు డిప్పరు మీద డిప్పరు కొడుతుంటే ఎడమకి జరిగాను. ముందు దూరంగా ఇంకో బండి ఉంది కాబట్టి లైటు డిమ్ములోనే ఉంది. బస్సు నా పక్కకొచ్చింది.

రోడ్డు మీద ఆకులు కనపడ్డాయి. పచ్చటి ఆకులు, లైటు పడి మెరుస్తున్నాయి. హైవే మధ్యలో ఆకులేంటి అని బుర్ర అనుకునే లోపే కాలు బ్రేకు మీదికి పోయింది. అది వేపకొమ్మ. లారీ చెడిపోతే వెనక కొమ్మలూ రాళ్లూ పెడతారు కదా, అది. కుడికి తిప్పుదామంటే పక్కన బస్సు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ నా బండికి లేదు. టైర్లు అరిచాయి, కొమ్మ బండి కింద పడి నలిగిన చప్పుడు, రబ్బరు వాసన. ఆగాక చూస్తే నా బంపరుకీ లారీకీ మధ్య ఒక నులకమంచం పట్టేంత జాగా ఉంది. లారీ వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు మీద బురద. తవుడు బస్తాల లోడు. కింద నుంచి క్లీనరు కుర్రాడు స్పానరు పట్టుకుని బయటికొచ్చాడు.

"కొమ్మ ఏసినం గదన్నా, కనబడ్తలేదా?"

వెనక సీట్లో మా ఆవిడ, పిల్లలు లేచారు. ఎవరూ మాట్లాడలేదు. కోదాడ దగ్గర టీ కొట్టు ముందు ఆపాను గానీ గ్లాసు పట్టుకోవడం కుదరలేదు, చెయ్యి వణుకుతోంది.

ఊరెళ్లాక బాబాయికి చెప్పాను. లారీవాణ్ని తిట్టాను, బస్సువాణ్ని తిట్టాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "డిమ్ములో నీ లైటు ఎంత దూరం పడుద్ది? అంత దూరంలో బండి ఆపగలవా?"

ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. 95లో సెకనుకి 26 మీటర్ల పైచిలుకు. చూసి, అర్థమై, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను, అంటే 40 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 50. మొత్తం 90. డిమ్ములో వెలుతురు పడేది మహా అయితే 60 మీటర్లు. మరి ఎలా బతికాను? క్లీనరు కుర్రాడు కొమ్మను లారీకి ఆనించలేదు, ఓ ముప్పై మీటర్లు వెనక్కి నడిచొచ్చి పడేశాడు. అరవై నా లైటుది, ముప్పై ఆ కుర్రాడిది. ఆ రాత్రి అతనికి థ్యాంక్స్ చెప్పకపోగా రెండు మాటలు అనేసి వచ్చాను. ఇది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుగా ఉంటుంది.

అదే లెక్క తిరగేస్తే 60 మీటర్లలో ఆగాలంటే 70 దాటకూడదు. 70లో అయితే 56 మీటర్లకి ఆగుతాం. ఏ హైవే మీదైనా డిమ్ములో 70 దాటి నడుపుతున్నామంటే కొంత దూరం కనపడని రోడ్డు మీద నడుపుతున్నామన్నట్టే, అక్కడేమీ లేదని దణ్ణం పెట్టుకుంటూ. హై బీమ్ వేస్తే దూరం కనపడుతుంది నిజమే, అప్పుడు ఎదుటివాడికి కనపడదు. డివైడర్ల మీద గన్నేరు మొక్కలు పెంచేది పూల కోసమే అనుకుంటాం గానీ, ఎదురు లైటు కళ్లలో పడకుండా ఆపే పని కూడా వాటిదే. పశువులు తినవు కాబట్టి గన్నేరు. మొక్కలు ఎండిపోయిన చోట ఎదురుగా ఎల్‌ఈడీ లైట్ల ఎత్తు బండి వచ్చిందంటే ఆ తర్వాత రెండు మూడు సెకన్లు కళ్లముందు తెల్లటి గుడ్డ కట్టినట్టే. వయసు పెరిగేకొద్దీ ఆ సెకన్లు పెరుగుతాయి. నాకు నలభై ఒకటిలో కళ్లజోడొచ్చింది. అంతకుముందు ఏడాదిగా దూరం బోర్డుల మీద అక్షరాలు మసకేస్తుంటే పెయింటు పాతబడిందనుకున్నాను.

ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరతాం. రద్దీలో ఇరుక్కుంటాం, మా ఆవిడ గొణుగుతుంది, "నీతో వస్తే పండగయ్యాక చేరతాం" అంటుంది. పొగమంచుంటే చౌటుప్పల్‌లో ఇడ్లీ తిని, ఎండ వచ్చేదాకా ఆగుతాం. గంట ఆలస్యమవుతుంది. అవనివ్వండి.

ఇదంతా చదివి "రోజూ ఆఫీసుకి నీ ముచ్చటైన కారులోనే వెళ్తావా?" అని అడిగేవాళ్లుంటారు. వెళ్లను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతాను. రాయదుర్గం దాకా రైలు వచ్చిన 2019 నవంబరు నుంచీ, కరోనా రోజులు తీసేస్తే, ఇదే పద్ధతి. అమీర్‌పేట మెట్ల మీద తోపులాట నాకేం ఇష్టం కాదు. కార్లంటే ఇష్టం లేక కాదు, ఉంది కాబట్టే. సిటీ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుంటే కంటికి కనపడేది ముందువాడి బ్రేకు లైటొక్కటే. పైగా చెడ్డ అలవాట్లు నేర్పుతుంది. ముందు బండికి పది అడుగులు వదిలితే అందులో రెండు బైకులూ ఒక ఆటో దూరతాయి కాబట్టి వదలడం మానేస్తాం. అద్దం చూడటం మానేసి హారన్ని బట్టి నడుపుతాం. రాంగ్ రూట్‌లో వచ్చేవాడికి అలవాటుపడతాం. ఆ చేతులతోనే శనివారం హైవే ఎక్కి, వందలో కూడా ముందు బండి తోక పట్టుకుని పోతాం. హైవే మీద బంపరుకి బంపరు ఆనించి నడిపేవాణ్ని చూస్తే రోజూ కారులో ఆఫీసుకెళ్లేవాడే అయ్యుంటాడని నా అనుమానం. రుజువు లేదు, అనుమానమే.

వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయేవాళ్ల మీద కూడా రాద్దామనుకున్నాను. వాళ్లు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలిసే మార్గం లేదు. అదింకోసారి.

మొన్న సంక్రాంతికి బావమరిది కొత్త కారులోనే ఊరెళ్లాం. బాబాయికి ఇప్పుడు డెబ్బై దాటాయి. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆపరేషన్‌కి ముందే, ఎవరూ చెప్పకుండానే, బండి తాళాలు అబ్బాయికి ఇచ్చేశాడు. కనుమ నాడు సాయంత్రం తెనాలి నుంచి తిరిగొస్తుంటే ముందు సీట్లో ఆయన, వెనక ఆ పోస్టు డబ్బా కిటికీ పక్కన నేను. కాలువ కట్ట ఎక్కగానే ఆయన పెదాలు కదలడం మొదలైంది.

బావమరిది కాసేపు చూసి, "మావయ్యగారూ, జపం చేసుకుంటున్నారా?" అన్నాడు.

బాబాయి జవాబివ్వలేదు. సైకిలు. అరటి గెలల బండి. బర్రె. బర్రె దాటింది. "దూడ" అన్నాడు, కాస్త గట్టిగా.

నేను వెనక నుంచి మెడ సాచి చూశాను. నాకు రోడ్డూ, గడ్డివామే కనపడ్డాయి. బావమరిదికీ అంతే అనుకుంటా, అయినా ఆ గొంతుకి కాలు బ్రేకు మీదికెళ్లింది. గడ్డివాము చాటు నుంచి అది తీరిగ్గా నడిచొచ్చి, రోడ్డు మధ్యలో ఆగి, మా లైట్ల వైపు చూసింది.